మిరపకాయ కట్టిన స్పాంజి

మా అత్తమ్మ రొట్టె కొట్టడం ఆపినా కొట్టుడు చప్పుడు ఆగలేదు. ఏదో ఆపద వచ్చిందని నాకు తెలిసింది సరిగ్గా అప్పుడే.

సోమవారం సాయంత్రం. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి నేను పొయ్యి ముందు నిలబడ్డాను. ఆమె పీట మీద జొన్నరొట్టెలు కొడుతుంటే నేను కాలుస్తున్నాను. టప టప టప. ఇంకో ముద్ద తీసుకోవడానికి ఆమె చెయ్యి ఆగింది. ముందు గదిలోంచి మాత్రం సన్నగా, తడిగా, టప్, టప్, టప్ అని వస్తూనే ఉంది. నల్లా సరిగ్గా కట్టేయలేదేమో అనుకున్నాను. కాని మా ముందు గదిలో నల్లా లేదు. ఉన్నవి టీవీ, కుట్టుమిషను, చేప.

రొట్టెను పెనం మీదే వదిలేసి పోయి చూశాను. చేప నీళ్ల పైకి వచ్చి, మూతి బయట పెట్టి, గాలి మింగుతుంది. మింగినప్పుడల్లా టప్ అంటుంది. మా నాలుగేళ్ల బాబు అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు.

"అమ్మా, చేప నాకు ముద్దులు పెడ్తుంది చూడు."

"ఔ బిడ్డా," అన్నాను. ఆ సాయంత్రం నేను చెప్పిన అబద్ధాల్లో అది మొదటిది.

నేను బి.ఎస్సీ చదివాను. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. చేప పైకొచ్చి నోరు తెరుస్తుందంటే నీళ్లు పాడయ్యాయని తెలుసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. కాని నాకు డిగ్రీ ఉండటం వల్ల నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ తొట్టిని నేను మూడు రోజుల కిందటే కడిగాను. నారాయణఖేడ్ మొత్తంలో అంత శుభ్రంగా కడిగిన చేపల తొట్టి ఇంకోటి లేదని పందెం కాసేదాన్ని.

ఈ చేప గొప్ప చేపేమీ కాదు. బీదర్‌లో ఒక దుకాణంలో, ప్లాస్టిక్ సంచిలో నీళ్లు నింపి ఇచ్చిన గోల్డ్ ఫిష్. తోక చివర తెల్లటి మచ్చ. పోయిన వానాకాలం బాబుకు న్యుమోనియా వచ్చి సంగారెడ్డిలో దవాఖానలో ఉంచాల్సి వచ్చింది. సూదికి కూడా ఏడవనివాడు మందు చూస్తే పండ్లు బిగపట్టేవాడు. ముక్కు మూసినా, చేతులు పట్టుకున్నా, నర్సమ్మ బెదిరించినా నోరు తెరవలేదు. మూడో రోజు నాకు ఓపిక అయిపోయి, "మందు తాగితే చేపను తెస్తా," అన్నాను. చేపే ఎందుకు నోట్లోకి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. వాడు తాగాడు. నేను తేవాల్సి వచ్చింది.

తెచ్చాక వాడే ఒక పద్ధతి పెట్టాడు. తను మందు తాగే ముందు చేప కూడా మందు తాగాలి. చేప మందు అంటే దాని తిండి, నాలుగు గింజలు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. "చేప తాగిందా?" అంటాడు. "తాగింది," అంటాను. అప్పుడు నోరు తెరుస్తాడు. చలికాలం దాటేదాకా మందు మాన్పొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి ఈ ఏర్పాటు నెలల తరబడి నడుస్తూ ఉంది. ఒక రోజు చెంచా ముందు ఆగి అడిగాడు.

"మందు తాగినోళ్లు సచ్చిపోరు గదమ్మా?"

"అస్సలు సావరు."

"చేప సుత?"

"చేప సుత."

ఓట్ల ముందు లీడర్లు కూడా హామీ ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. నేను ఆ మాత్రం కూడా ఆగలేదు.

ఆ దవాఖాన నుంచి ఇంటికి ఇద్దరం వచ్చాం. వాడు జబ్బు వదిలించుకొని వచ్చాడు, నేను తగిలించుకొని వచ్చాను. తలుపు గొళ్లేలు తుడవడం మొదలుపెట్టాను. కరివేపాకును ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగేదాన్ని. బయటి నుంచి వచ్చిన చెప్పులను గుమ్మం అవతలే ఆపేదాన్ని, చుట్టాలను ఆపలేక. మా అత్తమ్మ పక్కింటామెతో, "మా పిల్ల సబ్బును సుత కడిగినంకనే వాడుతది," అని చెప్తుంటే విన్నాను. నాకు కోపం రాలేదు. సబ్బు మీద కూడా ఏదో ఉంటుంది కదా అనిపించింది.

ఇక ఆ తొట్టిని అంతగా కడగడానికి కారణమైన నాచు సంగతి. చేప కూడా పిల్లవాడిలాంటిదే, వెలుతురు తగలాలి అని తొట్టిని తూర్పు కిటికీ దగ్గర పెట్టాను. పొద్దున పదకొండు దాకా ఎండ పడుతుంది. నెల తిరగకముందే అద్దానికి పచ్చగా పట్టింది. అద్దం తుడిస్తే పోయింది. కాని తొట్టి మూలన ఒక నల్లటి స్పాంజి ఉంటుంది. బయట చిన్న మోటారు గాలి ఊదుతుంటే నీళ్లు ఆ స్పాంజిలోంచి పోతూ శుభ్రమవుతాయి. నాచు దాన్ని పట్టుకుంది. మొదట పచ్చటి నూగు, తర్వాత పిల్లి బొచ్చులాగ.

నల్లా కింద పిండాను. నాలుగు రోజుల్లో మళ్లీ వచ్చింది. పాత పండ్ల బ్రష్షుతో రుద్దాను. మళ్లీ వచ్చింది. ఉప్పునీళ్లలో నానబెట్టాను, ఉప్పు పోయేదాకా పదిసార్లు జాలించాను, ఎందుకంటే చేపకు బీపీ వస్తుందేమోనని కాదు కానీ, దాదాపు అలాంటి భయమే. ఈసారి ఇంకా ఒత్తుగా వచ్చింది. ఆ నాచుకు ఉన్న పట్టుదల నాకు డిగ్రీ చదివే రోజుల్లో ఉండి ఉంటే ఇప్పుడు ఏ కాలేజీలోనో లెక్చరర్‌ని అయ్యుండేదాన్ని.

"కిటికీల పెట్టినవ్ గదనే," అంది అత్తమ్మ ఒక రోజు, బియ్యం చెరుగుతూ. "ఎండ తగిలిన నీళ్లకు నాచు కాకపోతే మల్లెపూలు పూస్తయా? మా బాయికాడ బర్లు తాగే తొట్టి తుమ్మచెట్టు కింద ఉండె. ఎన్నడన్న పట్టిందా? జరుపు దాన్ని నీడకు."

ఆమె బడికి పోలేదు. నేను కిరణజన్య సంయోగక్రియ గురించి నాలుగు పేజీలు రాసి పాసయ్యాను. అందుకని వినలేదు.

ఆ శుక్రవారం ఇల్లంతా కడిగే రోజు. గడపలు కడిగి పసుపు రాసిన చేతులతోనే స్పాంజి సంగతి తేల్చేద్దామని కూర్చున్నాను. చేపను బకెట్‌లోకి మార్చి తొట్టి ఖాళీ చేశాను. అడుగున ఉన్న గులకరాళ్లను, స్పాంజిని పాత అల్యూమినియం గిన్నెలో వేసి ఉడకబెట్టాను. ఒకసారి కాదు, నీళ్లు మార్చి రెండుసార్లు. తొట్టిని మెరిసేదాకా తోమి, కొత్తగా బోరు నీళ్లు నింపి, చేపను మళ్లీ వదిలాను. ఆ తర్వాత స్పాంజిని మిద్దె మీద ఎండబెట్టాను.

ఎండ తగిలితే ఏదైనా శుద్ధి అవుతుందన్నది మా అమ్మ ఇంట్లోనూ ఇక్కడా ఎవరూ కాదనని మాట. తొక్కు జాడీలు, పిల్లల బొంతలు, పురుగు పట్టిన పప్పు, అన్నింటికీ మిద్దె మీద ఎండే మందు. ఒక పక్క బొంతలు, ఇంకో పక్క మిరపకాయలు, నడుమ పళ్లెంలో స్పాంజి. మిరపకాయ ఘాటు తగలకూడదని పళ్లేన్ని నాలుగడుగులు ఎడంగా పెట్టాను. అంత జాగ్రత్త నాది. శుక్రవారం ఎండింది, శనివారం ఎండింది. శనివారం సాయంత్రం తీసి చూస్తే కొత్తగా కొన్నదానిలాగ నల్లగా, తేలికగా, పెళుసుగా ఉంది. తొట్టిలో పెట్టి ఫొటో తీసి మా ఆయనకు పంపాను. ఆయన జహీరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో చేస్తాడు, వారానికోసారి వస్తాడు. "అండ్ల నీళ్లున్నయా?" అని జవాబు పెట్టాడు. నా పెండ్లయిన ఎనిమిదేళ్లలో ఆయన ఇచ్చిన మంచి మెప్పుల్లో అదొకటి.

ఆ అద్దంలాంటి నీళ్లలోనే సోమవారం సాయంత్రం చేప గాలికోసం నోరు తెరుస్తూ ఉంది. రెక్కల పక్కన, అది ఊపిరి తీసే చోట, ఎర్రగా కంది ఉంది.

మా ఆయనకు ఫోన్ చేశాను.

"చేపనే గదా. గంత పరేషాన్ ఎందుకు? ఇంకోటి తెద్దాం. అన్ని ఒక్కతీర్గనే ఉంటయి, ఆనికేం తెలుస్తది."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. కాసేపు ఆలోచించాను కూడా. కాని బీదర్ గంటకు పైగా దారి. తోక చివర తెల్లమచ్చ ఉన్న చేప కావాలని దుకాణంలో అడిగితే నవ్వుతారు. అన్నింటికన్నా పెద్ద చిక్కు, మా పాప. దానికి ఏడేళ్లు. నేను చీర మార్చినా, మాట మార్చినా ఇంట్లో ముందు కనిపెట్టేది అదే.

అత్తమ్మ పిండి చేతులతోనే వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది.

"ఎవల కాడ చేపలు బతుకుతున్నయో వాళ్లనడుగు."

"ఎవరి కాడ బతుకుతున్నయి?"

"బస్టాండ్ కాడ కటింగ్ షాపుల. నువ్వు కొట్లాడి వచ్చినవే, ఆ షాపుల."

నేను ఆ పేరు ఎత్తకూడదనే అనుకుంటూ ఉన్నాను. దసరాకు ముందు బాబుకు కటింగ్ చేయించడానికి తీసుకుపోయాను. ఆ షాపు మూలన ఒక చేపల తొట్టి. నీళ్లు పలచటి చాయ్ రంగులో ఉన్నాయి. స్పాంజి మీద గోధుమరంగు బురద. బాబు మెడకు బట్ట కట్టి కుర్చీలో కూర్చోబెట్టాక నా కంట పడింది. "అన్నా, ముందు ఆ గలీజు తొట్టి కడుగు. చిన్నపిల్లలొచ్చే జాగ ఇది," అని నలుగురి ముందు అనేసి, బట్ట విప్పి బాబును లేపుకొచ్చాను. వెనక నుంచి ఆయన ఏదో అన్నాడు. నేను వినలేదు. అప్పటి నుంచి బాబుకు అత్తమ్మే ఇంట్లో జుట్టు కత్తిరిస్తుంది. ఆమె గొర్రెల ఉన్ని తీసిన ఇంటి ఆడబిడ్డ అని ఎవరైనా అంటే నమ్మేటట్టు ఉంటుంది వాడి తల.

"రేపు మంగళారం," అంది అత్తమ్మ. "కటింగ్ షాపులన్ని బంద్. పోతే ఇప్పుడే పో. పిల్లలను నేను చూస్కుంట."

స్కూటీ మీద పోయాను. షాపులో ఒకాయన ముఖం నిండా నురగతో వెనక్కి వాలి ఉన్నాడు. కటింగ్ ఆయన కత్తి పట్టుకొని అద్దంలోంచే నన్ను చూశాడు. వెనక్కి తిరగలేదు.

"అన్నా, మా చేప పైకొచ్చి గాలి మింగుతుంది. జెర చెప్పు, ఏం చెయ్యాలె?"

"ఎవరి చేపక్కా?"

"మాదే."

"మీది సాఫ్‌గుంటది గదా."

నురగ లోపల ఆ మనిషి నవ్వాడు. నవ్వు కనబడలేదు కాని నురగ కదిలింది. నేను నిలబడ్డాను. బాబును దవాఖానలో చేర్చిన రోజు కూడా ఇట్లాగే ఒక బల్ల ముందు నిలబడ్డాను. అక్కడ ఇంత సిగ్గు లేదు.

"కడిగిన," అన్నాను. "స్పాంజికి నాచు పట్టిందని."

"ఎట్ల కడిగినవ్?"

"ఉడకబెట్టిన."

కత్తి ఆగింది. ఆయన ఇప్పుడు నావైపు తిరిగాడు.

"ఉడకబెట్టినవా?"

"రెండుసార్లు."

"ఇగ?"

"ఎండబెట్టిన. రెండు రోజులు."

"ఉప్పు, కారం సుత ఏసుంటే తొక్కు అయ్యేది గదక్కా."

కుర్చీలో ఆయన ఇక ఆపుకోలేక లేచి కూర్చున్నాడు, గొంతు తెగుతుందని భయపడి. నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే చేపకోసం ఏడ్చిందని ఖేడ్ అంతా చెప్పుకుంటారని గుర్తొచ్చి ఆపుకొని, బాబు సంగతి చెప్పాను. మందు, చేప, చెంచా, నేనిచ్చిన హామీ. కటింగ్ ఆయన నవ్వడం మానేశాడు. నురగ ఆయన కూడా.

"సూడక్కా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "పచ్చగ పట్టేది వేరే, లోపలుండేది వేరే. పచ్చది నాచు. ఎండకొస్తది, నీడకు జరిపితే పోతది. దానితోని చేపకేం కాదు. లోపల గోధుమ రంగుది జిగటగ ఉంటది సూడు, గది పానమున్నది. చేప ఉచ్చ, దొడ్డి, మిగిలిన తిండి, అంత అదే తింటది. నువ్వు దాన్ని ఉడకబెట్టి సంపినవ్. ఇప్పుడు చేప దాని ఉచ్చల అదే ఈదుతుంది."

ఆ మాటతో నాకు డిగ్రీ రెండో సంవత్సరం గుర్తొచ్చింది. నత్రజని చక్రం. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్. రంగు పెన్సిళ్లతో బాణాలు గీసి, ఒక్కో బాణం మీద బ్యాక్టీరియా పేరు రాశాను. మా మేడమ్ ఆ బొమ్మను తరగతిలో అందరికీ చూపించింది. ఆ పేర్లు ఇప్పుడు కూడా చెప్పగలను. వాటినే గిన్నెలో వేసి మూత పెట్టి ఉడకబెట్టానని మాత్రం నాకు తట్టలేదు. పుస్తకంలో ఉన్నప్పుడు అవి బురదలాగ కనిపించలేదు.

"తోడు లేకుంట పాలు పెరుగైతయా?" అన్నాడు ఆయన. "ఇది గూడ గంతే. కొత్త స్పాంజి దానంతటది తోడుకోవాలంటే నెల దాటుతది. అందాక చేప ఆగదు. నా కాడిది సగం ఇస్తా."

తొట్టిలో చెయ్యి పెట్టి స్పాంజి తీశాడు. నేను దసరాకు ముందు చూసి మొహం తిప్పుకున్న అదే స్పాంజి. గోధుమరంగు నీళ్లు కారుతూ ఉంది. పెద్ద గోల్డ్ ఫిష్‌లు రెండు నింపాదిగా పక్కకు జరిగాయి. ఆ రోజు ఆయన వెనక నుంచి అన్నది కూడా ఇదే అయ్యుంటుంది: "నాలుగేండ్ల సంది నా కాడ్నే ఉన్నయి ఇవి." ఆయన కొత్త బ్లేడు కాగితం విప్పాడు. అప్పుడే చూశాను, కత్తెరలు, దువ్వెనలు అన్నీ మందునీళ్ల గాజు సీసాలో నిలబెట్టి ఉన్నాయి. తువ్వాళ్లు ఉతికి మడిచి ఉన్నాయి. ఆయనకు దేన్ని కడగాలో, దేన్ని కడగకూడదో తెలుసు. నాకు మొదటిదే తెలుసు.

బ్లేడు పెట్టబోయి ఆగి, మందునీళ్లు చల్లే సీసా చేతిలోకి తీసుకొని నావైపు చూశాడు.

"మందు కొట్టాల్నా అక్కా? నీకు సాఫ్ కావాలె గదా."

"వద్దు! వద్దన్నా, వద్దు!"

బయట ఆటోలో కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూసేటట్టు అరిచాను. దవాఖాన నుంచి వచ్చాక శుభ్రం వద్దని నేను అరిచింది అదొక్కసారే. ఆయన ముసిముసిగా నవ్వుతూ సీసా పక్కన పెట్టాడు.

స్పాంజి సగం కోసి, తొట్టిలో నీళ్లతో పాటు సంచిలో వేసి, మూతి ముడి వేశాడు. నేను చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. బయటికి చూశాడు. వీధి దీపాలు వెలిగి ఉన్నాయి.

"పొద్దుగూకింది," అన్నాడు.

"అయితే?"

"మా అమ్మ దీపాలు పెట్టినంక తోడు ఎవ్వలకియ్యకపోయేది. ఇంట్ల లచ్చిమి వాళ్లెంబడి పోతదట. ఇయ్యక తప్పకుంటే అండ్ల ఓ మిరపకాయ ఏసి ఇచ్చేది."

"అన్నా, ఇది పెరుగు కాదు గదా."

"నా చేపలు సల్లగుండాలె గదక్కా."

కొడుకు ఇల్లు దాటిన ప్రతిసారీ వాడి అరికాలికి కాటుక చుక్క పెట్టే మనిషిని నేను. చాపిన చెయ్యి దించుకున్నాను. ఆయన గుమ్మంలోంచి పక్కనున్న మిర్చి బజ్జీల బండివైపు, "ఓ పచ్చి మిరపకాయ ఇటియ్యి," అని కేక వేశాడు. మిరపకాయ వచ్చింది. సంచి ముడి వైపు చెయ్యి పోవడం చూసి నేను మళ్లీ అరిచాను.

"లోపల ఎయ్యకు! చేపకు మంట పుడ్తది."

"లోపలెందుకేస్తా, పిచ్చా నాకు? సంచికి కడ్తా."

దారంతో సంచి చెవికి మిరపకాయ కట్టి ఇచ్చాడు. ఇంటికి పోగానే సగం నీళ్లు తీసి కొత్తవి పొయ్యమన్నాడు. రోజూ కొన్ని మార్చమన్నాడు, రెండు రోజులు తిండి పెట్టొద్దన్నాడు, స్పాంజి ఆరితే మాత్రం తన దగ్గరికి రావొద్దన్నాడు. గుమ్మం దిగుతుంటే అడిగాడు.

"పిల్లగానికి కటింగ్ ఎవరు చేస్తున్నరు?"

"మా అత్తమ్మ."

"అనుకున్న. మొన్న తొవ్వల చూసిన."

సంచిని కాళ్ల నడుమ పెట్టుకొని, ప్రతి గుంత దగ్గర ఆగి ఆగి ఇంటికొచ్చాను. మిరపకాయ ఊగుతూ ఉంది. గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. చేపల స్పాంజి అంటే ఏమిటో ఆమె ఎన్నడూ అడగలేదు. సంచిని చూడలేదు, మిరపకాయను చూసింది.

"తోడు తెచ్చినవా?" అంది.

నేను చెంబుతో తొట్టిలో నీళ్లు తోడి పారబోస్తుంటే ఆమె బోరు నీళ్లు తెచ్చి పెట్టింది. సగం ఖాళీ అయినప్పుడు, "ఇప్పుడు జరుపుదాం, అల్కగుంటది," అంది. ఇద్దరం బల్లతో సహా తొట్టిని కిటికీ దగ్గర నుంచి కుట్టుమిషను పక్కకు, నీడకు జరిపాం. తర్వాత ఆమె కొత్త నీళ్లు మెల్లగా నింపింది. నేను ముందే చెప్పిన గదా అని ఆమె అనలేదు. అనకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. రెండుసార్లు నోరు తెరిచి, రెండోసారి, "రొట్టె మాడింది," అని మాత్రం అంది.

గోధుమరంగు ముక్కను నా నల్లటి శుభ్రమైన స్పాంజికి ఆనించి కట్టాను. నీళ్లు కాస్త మసకబారాయి. తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అత్తమ్మ తొట్టి మీద తువ్వాలు కప్పింది.

"ఇగ కదిలియ్యకు. తోడేసినంక కదిలిస్తే అంత నీళ్లు నీళ్లయితది."

అది పెరుగు కాదని నేను చెప్పలేదు.

ఎనిమిదింటికి మందు వేళ. చెంచా నింపి బాబు ముందు కూర్చున్నాను.

"చేప తాగిందా?"

"తాగింది." ఇది రెండో అబద్ధం.

"చేప తిండి డబ్బ మూత తియ్యలే గదా," అంది పాప, హోంవర్క్ లోంచి తల ఎత్తకుండానే. "అమ్మా, పొద్దుగూకినంక నువ్వు డబ్బ ముట్టనే ముట్టలే."

బాబు నోరు మూసుకున్నాడు. మళ్లీ ఆ పండ్లు బిగపట్టడం. దవాఖానలో చూసిన ముఖం.

"అది నిద్రపోయింది. పొద్దుగాల అన్ని చెప్తా. ఇప్పుడు తాగు బిడ్డా."

"చేప తాగినంక తాగుతా."

తాగలేదు. అట్లాగే పడుకున్నాడు. ఒక్క పూట మందు తప్పితే ఏమీ కాదని అందరికీ తెలుసు. నాకు తప్ప. ఆ రాత్రి వాడి ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెడుతూ, ఇంకో చెవి టప్ చప్పుడు కోసం పెట్టి, పొద్దున చెప్పాల్సిన మాటలు తయారు చేసుకున్నాను. చేప ఒక్కపొద్దు ఉందని చెప్పొచ్చు. నాయనమ్మ సోమవారం ఉంటుంది కాబట్టి నమ్ముతారు. చేప వాళ్లమ్మ దగ్గరికి పోయిందని చెప్పొచ్చు. మంజీర నదిలో వదిలామని చెప్పొచ్చు. నా దగ్గర ఇన్ని అబద్ధాలు ఇంత శుభ్రంగా, తోమి పెట్టినట్టు ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. ప్రతి దానికీ వాడు అడగబోయే తర్వాతి ప్రశ్న ఒకటే. మందు తాగినా ఎట్ల పోయిందమ్మా?

ఇది రాస్తుంటే పక్కన ఆ మోటారు గుర్రుమంటూనే ఉంది. ఇప్పుడు నిశ్చయంగా చెప్పగలను, ఆ రాత్రి చేపను నిలబెట్టింది మార్చిన నీళ్లు. స్పాంజి ముక్క తన పని మెల్లగా, తర్వాతి వారాల్లో చేసుకుంది. కాని తెల్లవారుజామున అత్తమ్మ తువ్వాలు తీసినప్పుడు నాకు ఆ తేడా తెలియదు. చేప నీళ్ల నడుమ ఉంది. పైకి రాలేదు, అడుగుకు పడిపోలేదు. గోధుమరంగు ముక్క పక్కన తోక మెల్లగా ఆడిస్తూ, కొత్త చోటును చూసుకుంటున్నట్టు ఉంది. రెక్కల పక్కన ఎరుపు ఇంకా తగ్గలేదు.

"తోడుకుంది," అంది అత్తమ్మ, చీర కొంగు దులుపుకొని వాకిలి ఊడ్వడానికి పోయింది.

బాబు లేచి కళ్లు నులుముకుంటూ వచ్చి తొట్టి ముందు కూర్చున్నాడు. వాడి నుదుటి మీద అత్తమ్మ కత్తిరించిన జుట్టు మూడు రకాలుగా నిలబడి ఉంది. పాప వచ్చి చేతులు కట్టుకొని నిలబడింది, సాక్షి లాగ. నేను మందు సీసా, చెంచా కింద పెట్టి ఇద్దరి ముందు కూర్చున్నాను. రాత్రంతా తయారు చేసుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు.

"నిన్న చేప నీకు ముద్దులు పెట్టలే," అన్నాను. "దానికి ఊపిరాడలే. నేను అబద్ధం చెప్పిన. దానికి జబ్బు రాలే, నేనే కడిగి కడిగి దాని నీళ్లు ఖరాబ్ చేసిన. ఇప్పుడు జెర మంచిగుంది. రేపు ఎట్లుంటదో నాకు సుత తెల్వదు. రెండు రోజులు అది ఏం తినదు, తింటే దానికి మంచిది కాదు. నీకు మందు తాగకుంటే మంచిది కాదు. దానిది దానికి, నీది నీకు."

వాడు అద్దానికి ముక్కు ఆనించి చేపను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నోరు తెరిచాడు. మందు పోశాను.

"మరి గా గలీజు ముక్క?" అంది పాప, స్పాంజి వైపు వేలు చూపించి.

"అది గట్లనే ఉంటది," అన్నాను. "దాన్ని ఎవ్వలు ముట్టొద్దు. నేను కడగనీకి పోతున్నట్టు కనబడితే నాయనమ్మను పిలువుండ్రి."